ఆవిడ అనని మాట

నాకు నోరెక్కువ, ముక్కుమీద కోపం. మా మామగారు బతికున్నన్నాళ్ళూ ఇంటికొచ్చిన ప్రతివాళ్ళతోనూ "మా పెద్దకోడలు నోరు పెట్టుకునే బతుకుతోందండీ" అనేవారు. అందులో అబద్ధమేమీ లేదు. ఇరవై రెండేళ్ళుగా నా ఉద్యోగమే అది. వేదికమీద ఒకరు ఒక భాషలో మాట్లాడుతూ ఉంటే, అదే సమయానికి ఇంకో భాషలో మైకులో చెప్పడం. పెద్ద పెద్ద సదస్సులు జరిగే హాళ్ళలో వెనకగోడకి ఆనించి చిన్న చిన్న గాజుగదులు కడతారు చూశారా, వాటిలో కూర్చునేది మేమే. వేదికమీద మనిషి పెదాలు కదుపుతుంటే, చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకున్న జనానికి వినిపించేది మా గొంతు. ఆ మనిషి "నేను" అంటే మేమూ "నేను" అనే చెప్పాలి. "ఆవిడ ఇలా అంటోంది" అనకూడదు. మంత్రి మాట్లాడితే నేను మంత్రిని, ఖైదీ మాట్లాడితే నేను ఖైదీని. పనిలో చేరిన కొత్తలో అది నాకు భలే సరదాగా ఉండేది.

ఇప్పుడు చెప్పబోయేది ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకుందామనుకున్నాను. కుదరడం లేదు. గిన్నెలు తోముతున్నా, బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా గుర్తొచ్చి చెవులు వేడెక్కిపోతున్నాయి. మధ్యలో ఎక్కడైనా నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు అనిపిస్తే ఆ ముక్క నమ్మకండి.

మూడురోజుల సదస్సు అది. అంతర్జాతీయ అహింసా శాంతి సదస్సు. నలభై దేశాలనుంచి నాలుగువందలమంది వచ్చారు. ఒక్కో గాజుగదిలో ఇద్దరం ఉంటాం, అరగంట ఒకరు, అరగంట ఒకరు. అంతకుమించి చేస్తే బుర్ర మొరాయిస్తుంది. నా పక్కన కూర్చునేది మా తోడికోడలు. మా మరిదిని చేసుకుని ఇంటికొచ్చిన రెండో ఏడే తనని ఈ పనిలోకి లాక్కొచ్చింది నేనే. "వంటింట్లోనూ నీ పక్కనే, ఇక్కడా నీ పక్కనేనా అక్కా, నాకు విముక్తి లేదా" అని నవ్వుతుంది. నెమ్మదస్తురాలు. నేను పది మాటలు అంటే తను ఒకటి అంటుంది, ఆ ఒక్కటీ సరిగ్గా ఉంటుంది. నాకు తనమీద మంట అందుకే.

ఆ సదస్సుకి మా భాష మాట్లాడే పెద్దావిడ ఒకావిడ వచ్చింది. దర్జీ పని. బడిపిల్లల యూనిఫాంలు కుడుతుంది. తొమ్మిదేళ్ళ కిందట వాళ్ళ ఊళ్ళో రెండు వర్గాలకి గొడవలైనప్పుడు, ఆవిడ ఒక్కగానొక్క కొడుకుని వెనకవీధి మనిషి ఇనుపకడ్డీతో కొట్టి చంపాడు. ఆరేళ్ళు జైల్లో ఉండి బయటికొచ్చాడు. వచ్చి మళ్ళీ అదే ఇంట్లో ఉంటున్నాడు. ఆ తల్లిచేత మాట్లాడించాలని సదస్సు కార్యదర్శిగారికి పట్టుదల. ఆయనకి మా భాష రాదు కాబట్టి, రెండు నెలల ముందు ఫోన్లో ఆవిడతో మాట్లాడించింది నేనే. ఆవిడ చెప్పినవన్నీ రాసుకుని, మా భాషలో ఒక ప్రసంగం, దానికి ఇంగ్లీషు ఒకటి తయారుచేసింది కూడా నేనే.

కార్యదర్శిగారు చదివి, "అంతా బాగుంది కానీ ముగింపు చప్పగా ఉందండీ. సభ కదా, చివర్లో ఏదైనా పడాలి" అన్నారు. పడేశాను. "ఒక కొడుకుని పోగొట్టుకున్నాను, ఇంకో కొడుకుని సంపాదించుకున్నాను. నా బిడ్డని చంపిన ఆ చేతుల్ని ఈ రోజు నా చేతుల్లోకి తీసుకుంటున్నాను. నేను క్షమించాను" అని రాశాను. రాస్తున్నప్పుడు నాకే కళ్ళు చెమర్చాయి. నా అంతటిదాన్ని నేనే అనుకున్నాను. అది చూసి కార్యదర్శిగారు మురిసిపోయి, కార్యక్రమం పుస్తకంలో ఆవిడ ఫోటో కింద "క్షమించిన తల్లి" అని అచ్చువేయించారు.

సదస్సు మొదటిరోజు ఆవిడని హోటల్ గదిలో కలిసి కాగితాలు చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని, వేలు పెట్టుకుంటూ నిదానంగా చదువుకుంది. చివరి పేజీ దగ్గర ఆగి, "ఇది నేననలేదే అమ్మాయ్" అంది.

"సభల్లో అలాగే ఉంటుంది పెద్దమ్మా. ఏం కాదు, చదివెయ్యండి" అన్నాను. నాకు అవతల వేరే పనుంది, గుమ్మంలో నిలబడే మాట్లాడాను. ఆవిడ ఇంకేదో అనబోయింది. నేను చేతిగడియారం చూసుకున్నాను. దాంతో ఊరుకుంది.

రెండోరోజు పదకొండు గంటలకి ఆవిడ ప్రసంగం. హాల్లో మా భాష తెలిసినవాళ్ళం ముగ్గురమే, ఆవిడ, నేను, మా తోడికోడలు. మిగతా ఐదు గాజుగదులవాళ్ళు నా ఇంగ్లీషు విని తమ భాషల్లోకి చెప్పాలి. అంటే నేను ఒక తప్పు చేస్తే అది ఆరు భాషల్లో తప్పు. ఇది తెలియనిదాన్ని కాదు నేను.

నాకొక దురలవాటు ఉంది. రాసిన ప్రసంగం చేతిలో ఉంటే హెడ్‌ఫోన్స్ మెడమీదికి జార్చేసి చదువుకుపోతాను. వింటూ చదివితే నాకు తికమక. మనిషి పెదాలూ, కాగితం తిప్పడమూ చూసి వేగం పట్టేస్తాను. కొత్తగా పనిలోకి వచ్చే పిల్లలకి మాత్రం "చేతిలో కాగితమున్నా చెవి వేదికకే ఒప్పగించాలి" అని పాఠాలు చెప్తాను. అవి చెప్పడానికే, నాకు కాదు. కళ్ళు నెత్తికెక్కితే అంతే.

ఆవిడ వేదికెక్కింది. బూడిదరంగు కోటు, ఒకే ఎడంలో కుట్టిన గుండీలు. రెండు పేజీలు చదివింది. నేనూ రెండు పేజీలు చదివాను. మూడో పేజీ దగ్గర ఆవిడ కాగితాలు మడిచి, మైకు పక్కన పెట్టి, కళ్ళజోడు తీసేసింది. పెదాలు కదులుతూనే ఉన్నాయి. బట్టీ పట్టేసింది కాబోలు, గట్టిదే అనుకుని నేను చదువుకుపోయాను.

మా తోడికోడలు నోట్‌బుక్‌మీద ఏదో గబగబా రాసి నా ముందుకి తోసింది. వెనక్కి తోసేశాను. మళ్ళీ తోసింది. ఈసారి వేలితో నా కాగితాన్ని పొడిచి, తల అడ్డంగా ఊపుతోంది. నాకు సరిగ్గా నా ముగింపు వాక్యాలు వస్తున్నాయి. రెండు నెలలుగా ఎదురుచూస్తున్న వాక్యాలు. తను నా మైకు మీటమీదికి చెయ్యి తెచ్చింది. ఫట్‌మని కొట్టాను ఆ చేతిమీద. గొంతు చెదరకుండా, "నేను క్షమించాను" అన్నాను ఇంగ్లీషులో.

హాలంతా లేచి నిలబడింది. నాలుగువందలమంది. చప్పట్లు గాజు దాటి లోపలికి వినిపించాయి. కొందరు కళ్ళు తుడుచుకుంటున్నారు. పెద్దమ్మ మాత్రం బిత్తరపోయి అటూ ఇటూ చూసింది. ఆ తర్వాత నెమ్మదిగా రెండు చేతులూ గుండెలమీద పెట్టుకుని, భోరున ఏడ్చింది. నేనూ కళ్ళు ఒత్తుకున్నాను. నా వాక్యాలు పండాయని.

మైకు కట్టేసి మా తోడికోడలి మీద విరుచుకుపడ్డాను. "ఏమిటే ఆ తోపులాట, పనిలో ఉన్నప్పుడు మనిషిని కదపకూడదని తెలియదా, పదేళ్ళయింది వచ్చి" అని కడిగేశాను. తను చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. మణికట్టు దగ్గర నా వేళ్ళు ఎర్రగా తేలి ఉన్నాయి. నోట్‌బుక్ నా వైపు తిప్పింది. "ఆవిడ చదవడం లేదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకో" అని ఉంది అందులో.

"చదవకపోతే ఏం, అదే కదా చెప్పింది" అన్నాను.

"అది కాదక్కా చెప్పింది. రికార్డింగు తెప్పించుకుని విను" అంది. తన అరగంట మొదలైంది, మైకు తీసుకుంది.

మధ్యాహ్నం భోజనాలకి అందరూ వెళ్ళాక, సౌండువాళ్ళ గదికి వెళ్ళి వేదికమీద మాట్లాడినది యథాతథంగా వినిపించమన్నాను. అక్కడి మనిషి కంప్యూటర్లో వెతికి పెట్టి, తను రొట్టె తింటూ కూర్చున్నాడు. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నాను. రెండు చెవులకీ.

"ఈ కాగితంలో ఉన్నది చదవమన్నారు. సగం చదివాను. మిగతాది నాది కాదు" అంటోంది పెద్దమ్మ. "ఎవరో చదువుకున్న అమ్మాయి రాసిచ్చింది, పాపం కష్టపడి రాసింది. కానీ నేను వాణ్ణి క్షమించలేదండి. రోజూ వాడి ఇంటిముందునుంచే కొట్టుకి వెళ్ళాలి, వేరే దారి లేదు. సంచిలో కత్తెర ఉంటుంది, గుడ్డలు కత్తిరించే పెద్ద కత్తెర. వాడు గుమ్మంలో మెడ వంచుకుని కూర్చుని ఉంటాడు. రోజూ నా చెయ్యి సంచిలోకి వెళ్తుంది. రోజూ వెనక్కి తీసుకుంటాను. మూడేళ్ళుగా ఇదే పని. పోయినేడు వాడి కూతురికి యూనిఫాం కుట్టాను. బడివాళ్ళు పంపిన పిల్లల్లో అదీ ఉంది. నడుము కొలత తీస్తుంటే చక్కిలిగింత పుట్టి నవ్వింది. నా చేతులు వణికాయి. అయినా కొలత తప్పు రాయలేదు. పిల్ల పెరుగుతుంది కదా అని కింద నాలుగు వేళ్ళ మడత వదిలి కుట్టాను. అప్పుడూ క్షమించలేదు."

హాల్లో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు.

"నేను ఇంతదూరం వచ్చింది ఒక్కటి అడగడానికి. మా ఊళ్ళో చెప్పేవాళ్ళు లేరు. మీరు నలభై దేశాలవాళ్ళు, శాంతి గురించి చదువుకున్నవాళ్ళు. లోపల ఇంత విషం పెట్టుకుని, చెయ్యి మాత్రం ఎత్తకుండా బతుకుతున్న మనిషిని మీలో కలుపుకుంటారా, కలుపుకోరా? కుదరదంటే చెప్పండి, దిగి వెళ్ళిపోతాను. ఏమీ అనుకోను."

ఆ వెంటనే చప్పట్లు. కుర్చీలు వెనక్కి జరిగిన చప్పుడు, నాలుగువందలమంది లేచిన చప్పుడు. ఆవిడ ఏడుపు.

సౌండు మనిషి "ఏమైనా తేడా ఉందా మేడమ్" అన్నాడు రొట్టె నములుతూ. ఏమీ లేదని చెప్పి బయటికొచ్చేశాను.

మూడురోజుల్లో ఆ వేదికమీద మాట్లాడిన అందరిలోనూ, అహింస అంటే ఏమిటో చేసి చూపించిన మనిషి ఆవిడొక్కతే. ఆ మాట ఒక్కరి చెవినా పడలేదు. పడకుండా చేసింది నేను. తల కొట్టేసినట్టయింది. వరండాలో గోడవైపు తిరిగి నిలబడ్డాను, ఎవరైనా పలకరిస్తారేమోనని.

వెంటనే వెళ్ళి ఆవిడకి చెప్పి ఉంటే కొంత నయం. నేను వెళ్ళింది కార్యదర్శిగారి దగ్గరికి. ఆయన అంతా విని, తలుపు వేసి వచ్చి, గొంతు తగ్గించారు.

"ఎంతమందికి తెలుసు?"

"నాకూ, మా తోడికోడలికీ."

"అయితే వదిలెయ్యండి. ఆవిడ సంతోషంగా ఉన్నారు. సభ సంతోషంగా ఉంది. మీకూ మంచి పేరొచ్చింది. రేపు ముగింపు సభకి ఆ మనిషిని కూడా రప్పిస్తున్నాం. ఈ రాత్రికి దిగుతాడు. వేదికమీద ఇద్దరూ ఒకరినొకరు కావలించుకుంటారు. నలభై దేశాల టీవీలవాళ్ళు ఉంటారు."

"ఆవిడకి తెలుసా?"

"తెలిస్తే తడబడతారు. అప్పటికప్పుడైతేనే సహజంగా ఉంటుంది."

నిజం చెప్పాలి కదా. ఒక్క నిమిషం, సరేలే అనుకున్నాను. ఆవిడ ఎలాగూ వాణ్ణి ఏమీ చెయ్యదు, కావలించుకోమంటే సభలో కాదనలేదు, అయిపోతుంది, నా తప్పు దానికింద పూడుకుపోతుంది అనుకున్నాను. ఇరవై రెండేళ్ళ పేరు నాది. ఈ సంగతి బయటికొస్తే ఏ సదస్సువాళ్ళూ గుమ్మం ఎక్కనివ్వరు. ఆ ఒక్క నిమిషం తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే అసహ్యం వేస్తుంది.

టీ విరామంలో మా తోడికోడల్ని పక్కకి లాగి, "నువ్వు వెళ్ళి ఆవిడకి చెప్పవే. నీ మాట మెత్తగా ఉంటుంది" అని బతిమాలాను.

"నేను చెప్పనక్కా."

"చెయ్యి నొప్పిగా ఉందా? ఏదో కోపంలో..."

"చెయ్యి సంగతి వదిలెయ్. ఆ మాట నువ్వు రాశావు, నువ్వు చదివావు. నువ్వే వెళ్ళాలి" అని టీకప్పు అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. పదేళ్ళలో తను నాకు ఎదురుచెప్పడం అదే మొదలు.

సాయంత్రం ఎండ పోకముందే హోటల్‌కి వెళ్ళాను. పెద్దమ్మ తలుపు తీసి, ముఖమంతా నవ్వుతో, "రా రా అమ్మాయ్" అని చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళి మంచంమీద కూర్చోబెట్టింది. సదస్సువాళ్ళు అందరికీ పంచిన గుడ్డసంచికి పట్టీ ఊడిపోతే కుట్టుకుంటోంది.

"చూడు, ఎంత వదులు కుట్లు వేశారో. ఇలాంటివి నాలుగువందలు కుట్టి పారేసుంటారు" అని మళ్ళీ సూది అందుకుంది. "మా అక్కకి ఫోన్ చేశాను. క్షమించలేదని చెప్పానే, చెబితే అంతా లేచి నిలబడ్డారే అన్నాను. అది నమ్మదు. నిన్ను తిట్టలేదా అంటుంది. ఎందుకు తిడతారే, చదువుకున్నవాళ్ళు, వాళ్ళకి అర్థమైంది అన్నాను."

నేను నేలవైపు చూస్తూ కూర్చున్నాను.

"ఈ రోజు మధ్యాహ్నం రెండోసారి పెట్టించుకుని తిన్నాను, తెలుసా? తొమ్మిదేళ్ళయింది నాకు అలా ఆకలేసి. వాళ్ళు లేచినప్పుడు నాకేమనిపించిందంటే, నేను చెడ్డదాన్ని కాదు అని. కత్తెరమీద చెయ్యి వేసిన ప్రతిసారీ నేను వాడికంటే ఏం తక్కువ అనుకునేదాన్ని." దారం పళ్ళతో తెంపి, నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "నా మాట అంతమందికి చేర్చినదానివి నువ్వు. నీ నోరు చల్లగా ఉండాలి తల్లీ."

సిగ్గుతో చచ్చిపోవడం అంటే మాటవరసకి అంటారనుకునేదాన్ని. ఆ చెయ్యి వెనక్కి తీసుకోవడానికి నాకు బలం చాల్లేదు.

ముందు చుట్టూ తిప్పి మొదలుపెట్టాను. రేపు ఆ మనిషి వస్తున్నాడని, వేదికమీదికి పిలుస్తారని చెప్పాను. ఆవిడ ముఖం బిగుసుకుంది కానీ బెదరలేదు.

"రానీ. నేను చెప్పాను కదా అందరికీ. క్షమించలేదని తెలిసినవాళ్ళు వాణ్ణి ముట్టుకోమని నన్ను అడుగుతారా? అడగరు" అంది.

అప్పుడిక దాక్కోవడానికి చోటు లేకపోయింది. చెప్పేశాను. హెడ్‌ఫోన్స్ మెడమీద ఉన్నాయని, మీరు మాట్లాడింది నేను వినలేదని, కాగితంలో ఉన్నది చదివేశానని. తలెత్తకుండా చెప్పాను. చెప్పడం అయిపోయాక కూడా తలెత్తలేదు.

ఆవిడ సూదిని సంచి గుడ్డలో గుచ్చి పక్కన పెట్టింది.

"అయితే వాళ్ళు దేనికి లేచారు?"

"నేను చదివినదానికి."

"ఏం చదివావు? వాళ్ళు విన్నది నాకూ వినిపించు."

"వద్దు పెద్దమ్మా."

"చెప్పు."

చెప్పాను. నేను మురిసిపోయి రాసుకున్న మూడు వాక్యాలూ, మా భాషలో, ఆవిడ ముఖంముందు కూర్చుని. ఒక కొడుకుని పోగొట్టుకున్నాను, ఇంకో కొడుకుని సంపాదించుకున్నాను అనే దగ్గర తడబడి, ఆ వాక్యం మళ్ళీ చెప్పాను.

"ఇంకో కొడుకా? ఎవరు, వాడా?"

"అవును."

కిటికీ బయట ఎవరో స్కూటర్ స్టార్ట్ చేసుకుంటున్నారు, అది కావడం లేదు, మళ్ళీ మళ్ళీ చేస్తున్నారు. ఆవిడ దాన్నే వింటున్నట్టు కూర్చుంది. ముఖంలో మధ్యాహ్నం నుంచీ ఉన్న వెలుగంతా పోయింది. నా కళ్ళముందే పోయింది.

"అయితే నేనడిగింది ఎవరికీ వినపడలేదన్నమాట" అంది చివరికి.

"లేదు పెద్దమ్మా. నన్ను క్షమించండి" అన్నాను. అనేశాక గానీ ఆ మాట ఎవరితో అంటున్నానో నాకు తట్టలేదు. నాలుక కరుచుకున్నాను.

ఆవిడ దానికి జవాబు చెప్పలేదు. "రేపు నేను ఇంకోసారి మాట్లాడాలి. మీ కార్యదర్శితో చెప్పు. కాదంటే అసలు ఆ వేదికే ఎక్కను."

"చెప్తాను. రేపు మా తోడికోడలు చేస్తుంది పెద్దమ్మా, తను శ్రద్ధగా..."

"వద్దు. నువ్వే చెయ్యాలి. వాళ్ళు నా గొంతనుకుని విన్నది నీ గొంతే. ఇంకో గొంతు వినిపిస్తే ఇంకెవరో అనుకుంటారు." లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడింది. "వెళ్ళేటప్పుడు తలుపు దగ్గరికి వేసి వెళ్ళు."

కార్యదర్శిగారు నిప్పులు కక్కారు. మీకు మళ్ళీ ఎక్కడా పని దొరక్కుండా చేస్తానన్నారు. చేసుకోండి అన్నాను. ఆవిడ వేదికెక్కకపోతే టీవీలవాళ్ళకి ఏం చూపిస్తారని అడిగితే, చివరికి ఐదు నిమిషాలు ఇచ్చారు.

మూడోరోజు ఉదయం హాలు నిండిపోయింది. ముందువరసలో చివరి కుర్చీలో, ఇస్త్రీ మడతలు కనపడే కొత్త చొక్కాలో ఒక మనిషి మెడ వంచుకుని కూర్చున్నాడు. చెవులకి హెడ్‌ఫోన్స్ లేవు. హాల్లో మా భాష తెలిసిన నాలుగో మనిషి అతనే.

నా ముందు కాగితం లేదు. హెడ్‌ఫోన్స్ రెండు చెవులకీ బిగించుకున్నాను. మా తోడికోడలు మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపింది. పెద్దమ్మ అదే బూడిదరంగు కోటుతో వచ్చి మైకు ముందు నిలబడింది. ఒక్కో వాక్యం చెప్పి, తలెత్తి దూరంగా మా గాజుగది వైపు చూసి, నా పెదాలు ఆగేదాకా ఆగుతోంది.

"నిన్న మీరు విన్నది నా మాట కాదు" అంది.

"నిన్న మీరు విన్నది నా మాట కాదు" అన్నాను.

పక్క గాజుగదుల్లోవాళ్ళు తలలు తిప్పి నా వైపు చూశారు. చూస్తూనే తమ భాషల్లో చెప్పుకుపోయారు. ఆవిడ కత్తెర సంగతి చెప్పింది, గుమ్మంలో కూర్చునే మనిషి సంగతి చెప్పింది, అతని కూతురు నవ్విన సంగతి చెప్పింది. అన్నీ చెప్పాను. ముందువరసలో ఆ మనిషి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆవిడ అటు చూడలేదు. నిన్న అడిగిందే మళ్ళీ అడిగింది. కలుపుకుంటారా, కలుపుకోరా అని. నేనూ అడిగాను.

ఎవరూ లేవలేదు. ఎవరో దగ్గారు. నాలుగువందలమంది చేతుల్లో పుస్తకాలు అటూ ఇటూ తిప్పుకుంటున్నారు, ఆ పుస్తకాల్లో ఆవిడ ఫోటో కింద నా వల్ల పడిన పేరు ఉంది. వెనక వరసలో ఇద్దరు చప్పట్లు మొదలుపెట్టి, తోడెవరూ రాకపోయేసరికి ఆపేశారు. ఆవిడ జవాబుకోసం కాసేపు చూసింది. తర్వాత తల ఊపి, మళ్ళీ మైకు దగ్గరికి వంగింది.

"ఇంకొక్క మాట. నా మాట మార్చిన అమ్మాయి నిన్న నా గదికొచ్చి, తనని క్షమించమని అడిగింది. అప్పుడు జవాబు చెప్పలేదు."

అంతవరకూ చెప్పాను. నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది.

ఆవిడ సరిగ్గా నా వైపే చూసింది. "నేను తనని క్షమించలేదు. తనమీద చెయ్యెత్తను, తన పని తీసెయ్యమని ఎవరినీ అడగను. ఎదురైతే పలకరిస్తాను. కానీ క్షమించలేదు."

మా తోడికోడలు తన మైకు మీటమీద వేలు పెట్టి, తీసుకోనా అన్నట్టు చూసింది. ఆ మణికట్టు ఇంకా కందే ఉంది. వద్దని తల ఊపాను. హాలంతా చెవుల్లో నా గొంతుకోసం ఎదురుచూస్తోంది.

"నేను తనని క్షమించలేదు" అన్నాను. "తనమీద చెయ్యెత్తను, తన పని తీసెయ్యమని ఎవరినీ అడగను. ఎదురైతే పలకరిస్తాను. కానీ క్షమించలేదు."

ఒక్క మాట కలపలేదు, ఒక్క మాట వదల్లేదు. అయిపోయేసరికి ఏడుపు గొంతుదాకా వచ్చింది. మైకు ఇంకా తెరిచే ఉంది, ఆవిడ ఇంకా వేదికమీదే నిలబడి ఉంది. ఇప్పుడు నేను ఏడిస్తే వాళ్ళందరూ ఆవిడే ఏడుస్తోందనుకుంటారు. ఆవిడ ఏడవడం లేదు. అందుకని నేనూ ఏడవలేదు.